అన్నీ చెప్పు తమ్మీ, ఏదీ తెలియనివ్వకు

(ఆలంపూర్‌లో కొత్తగా ఫైబర్ నెట్ కనెక్షన్లు ఇవ్వబోయే తమ్ముడికి, ఈ వ్యాపారంలో తల నెరిసిన అన్న చెప్పే సలహాలు)

ఫ్రాంచైజీ చేతికొచ్చిందట, సంతోషం. ఇన్నాళ్లూ డిష్ వైర్లు లాగిన చేతులతోనే ఇక ఫైబర్ లాగుతావు. చౌరస్తాలో హైవే పక్కనుంచి లైను అందుకుని, కరెంటు స్తంభం నుంచి స్తంభానికి వేలాడేసుకుంటూ ఊళ్లోకి తెస్తావు. అంతా బాగానే ఉంది గానీ నిన్న ఫోన్లో నీ గొంతు వణికింది. "అన్నా, రూల్స్ చానా ఉన్నయంట గద. నెట్ ఎట్ల నడుపుతున్నమో మొత్తం జనానికి చెప్పాల్నంట" అన్నావు.

చెప్పాలి. ఎవరు కాదన్నారు? కంపెనీలు ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాయి. చెప్పడం వేరు, అవతలివాడికి తెలియడం వేరు. సర్కారు అడిగింది మొదటిదే. రెండోది జరగకుండా చూసుకోవడమే మన పనితనం.

ముందు ఒక పాత సంగతి విను. తెలివైనవాళ్లు ఎక్కడ దెబ్బతిన్నారో అందులో ఉంది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ మొదలుపెట్టాయి. తొలి విడత ఆరు రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. కొన్ని సైట్లు ఉచితం, మిగతావాటికి డబ్బులు కట్టాలి. తర్వాత దానికే ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చారు. పథకం ఎలా ఉన్నా చేసిన తప్పు ఒక్కటే: సంగతేమిటో జనానికి ఇట్టే అర్థమైపోయింది. ఏది లోపల, ఏది బయట అని డిగ్రీ చదివే పిల్లవాడు కూడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగాడు. ఆ మార్చి నెలాఖరున టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సంప్రదింపుల పత్రం బయటపెడితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వచ్చిపడ్డాయి. ఎయిర్‌టెల్ జీరో అని ఇంకొకటి వస్తే, అందులో చేరతానన్న ఫ్లిప్‌కార్ట్ వారం పది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. చివరికి 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధన తెచ్చింది. సైటును బట్టి డేటాకు వేరువేరు రేట్లు పెట్టకూడదు. పెడితే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా.

2020లో మళ్లీ అదే తంతు. ఎయిర్‌టెల్ ప్లాటినం, వొడాఫోన్ ఐడియా రెడ్‌ఎక్స్ అని, ఎక్కువ కట్టేవాళ్లకు ఎక్కువ వేగం అని బహిరంగంగా ప్రకటించుకున్నాయి. ఎక్కువ వేగం ఎక్కడినుంచి తెస్తారు, తక్కువ కట్టేవాడి దగ్గరినుంచి తీసేనా అని ట్రాయ్ అడిగింది, ఆపమంది. చూశావా, జనానికి అర్థమైనదాని మీదే గొడవ జరుగుతుంది. అర్థం కానిదాని మీద ఎవరూ ఉత్తరం ముక్క రాయలేదు.

అందుకని నీ ప్లాన్లకు వజ్రం, బంగారం అని పేర్లు పెట్టకు. పేరు చూడగానే తేడా తెలిసిపోతుంది. "హోమ్ ఎఫ్ 2 ప్లస్ రివైజ్డ్" అని పెట్టు.

ఇక అసలు పని. 2018 జూలైలో టెలికాం శాఖ ఒప్పుకున్న నెట్ సమానత్వ నియమాల ప్రకారం నువ్వు ఏ సైటునూ ఆపకూడదు, నెమ్మది చేయకూడదు, ఒకదాన్ని ముందు పంపి ఇంకొకదాన్ని వెనక నిలబెట్టకూడదు. రద్దీని మాత్రం సర్దుకోవచ్చు. అదీ అవసరమైనంత మేరకు, కొద్దిసేపు, ఎలా సర్దుతున్నావో బయటికి చెప్పి. ఈ చివరి ముక్క దగ్గరే నీకు చెమట పడుతోంది. తుడుచుకో. సైటు మీద చెయ్యి వేస్తే కదా చెప్పాల్సింది! సైట్లన్నింటినీ సమానంగా ఏడిపిస్తే సమానత్వం చెక్కుచెదరదు.

ఎలా అంటావా? పంపకంలో ఉంది కీలకం. ఊరి ఫైబర్ లైన్లన్నీ మొదలయ్యే ఓఎల్‌టీ డబ్బాలో ఒక పోర్టు నుంచి రెండున్నర జీబీపీఎస్ దిగుతుంది. దాన్ని స్ప్లిటర్లతో చీల్చి చీల్చి అరవై నాలుగు ఇళ్లకు పంచుతావు. అందరూ ఒకేసారి తెరిస్తే ఇంటికి నలభై ఎంబీపీఎస్ కూడా రాదు, కానీ అమ్మేది వంద. అది కూడా పైనుంచి అంత సరుకు కొన్నప్పటి మాట. నువ్వు కొనేది అందులో ఎంతో నీకూ నాకూ తెలుసు. ఇది నేరమేమీ కాదు, ప్రపంచమంతా ఇంతే. ట్రాయే 2009 మార్చిలో ఇళ్ల కనెక్షన్లకు ఒకరి వాటాను యాభై మంది దాకా పంచుకోవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ నిష్పత్తిలో పంచుతున్నారో వెబ్‌సైటులో పెట్టమని కూడా అందులోనే చెప్పింది. వందను యాభైతో భాగించు. రెండు. 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని నిర్వచనం మార్చారు. లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడు!

మన తాలూకా జనానికి ఈ లెక్క కొత్త కాదు, అదే నీ అదృష్టం. ఆర్డీఎస్ కాలువ, అంటే రాజోలిబండ మళ్లింపు పథకం కాలువ, సంగతి ఇక్కడ చంటిపిల్లాడికి కూడా తెలుసు. రాజోలిబండ ఆనకట్ట అటు రాయచూరు వైపు, కాలువ మొదలూ అటే. మన వైపు కాగితం మీద 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాల ఆయకట్టు. కాగితం బంగారం. నీళ్లు మాత్రం పైపైనే ఆగిపోయి, ఆలంపూర్ వైపుకు వచ్చేసరికి కాలువలో సర్కారు తుమ్మ మొలిచేది. చివరి ఆయకట్టు రైతు నా వాటా ఎంత అని అడిగితే అంకె దొరికేది, తడి దొరికేది కాదు. సాయంత్రం ఎనిమిదింటికి, ఇంటింటా సీరియల్, రీల్స్, క్రికెట్ ఒక్కసారి మొదలైనప్పుడు నీ కస్టమరు కూడా చివరి ఆయకట్టే. వాడికీ అంకె ఇవ్వు. పొద్దున అయిదింటికి, ఊరంతా నిద్రలో ఉన్నప్పుడు వచ్చే అంకె ఇవ్వు.

ఆర్డీఎస్ విషయంలో సర్కారు చేసిన పని మాత్రం నువ్వు చేయకు. 2018లో తుమ్మిళ్ల దగ్గర తుంగభద్ర నుంచి నీళ్లు ఎత్తిపోసి చివరి భూములకు పంపడం మొదలుపెట్టారు. నువ్వు కూడా అలా మనసు కరిగి పైనుంచి అదనంగా బ్యాండ్‌విడ్త్ కొన్నావో, బిల్లు నెలనెలా నీ ఇంటికే వస్తుంది.

సగటు చెప్పడం కూడా నేర్చుకో. ఇది ఊరికే కబుర్లు చెప్పి నేర్పేది కాదు, పెద్దవాళ్లను చూసి నేర్చుకోవాల్సింది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటింది గానీ టెలికాం లైసెన్సుల పటంలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంకా ఒకటే సర్కిలు, దాని పేరూ ఆంధ్రప్రదేశే. అంటే సర్కిలు సగటులో హైటెక్ సిటీ ఉంది, విశాఖపట్నం ఉంది, తుంగభద్ర ఒడ్డున మన ఆలంపూర్ కూడా ఉంది. ముగ్గురం కలిసి పరీక్ష రాస్తే ఫస్టు క్లాసే. ఉద్యమాలు జరిగి రాష్ట్రం వచ్చింది, 2016 అక్టోబరులో జోగులాంబ పేరుతో జిల్లా కూడా వచ్చింది. ఊరి పేరుతో ఒక వేగం అంకె మాత్రం ఎవరూ అడగలేదు. అడగనిదాన్ని మనం ఎత్తడం దేనికి?

ఆ అక్టోబరు నెల చివరి రోజునే ట్రాయ్ ఇంకో కాగితం ఇచ్చింది. ఫెయిర్ యూసేజ్ గురించి. ప్లాన్‌లో డేటా పరిమితి ఎంత, అక్కడిదాకా వేగం ఎంత, అది దాటాక ఎంత, ఇవన్నీ వెబ్‌సైటులోనూ ప్రకటనల్లోనూ స్పష్టంగా చెప్పాలి. పరిమితి దగ్గరపడ్డప్పుడు కస్టమరుకు కబురు పంపాలి. దాటాక కూడా వేగం 512 కేబీపీఎస్‌కు తగ్గకూడదు. బాధపడకు, అన్నీ చేసేయి. ఫ్లెక్సీ మీద జోగులాంబ అమ్మవారి గోపురం ఫోటో వేయించి, అడ్డంగా "అన్‌లిమిటెడ్" అని మొయ్యి. పక్కన ఒక నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రం వివరం ఫ్లెక్సీ అడుగున, ప్రింటింగ్ ప్రెస్ వాడి ఫోన్ నంబరు ఉండే చోట, అంతే సైజులో. ఫ్లెక్సీని స్తంభం మీద పది అడుగుల ఎత్తున కట్టు. స్పష్టంగానే ఉంది, నిచ్చెన తెచ్చుకుంటే. ఇక కబురు అంటావా, అర్ధరాత్రి రెండింటికి ఇంగ్లీషులో పంపు, ఓటీపీ మెసేజీల మధ్య అదీ పోయి కూర్చుంటుంది.

512 దగ్గర ఒక సొగసు ఉంది. పాత కాగితం ప్రకారం అది ఇస్తే నీ తప్పేమీ లేదు. కొత్త నిర్వచనం ప్రకారం అది బ్రాడ్‌బ్యాండే కాదు. అంటే కస్టమరు నెలంతా బ్రాడ్‌బ్యాండ్‌కి డబ్బులు కట్టి, నెలాఖరు వారం ఏదో పేరు లేని వస్తువు వాడుకుంటాడు. పేరు లేనిదాని మీద ఫిర్యాదు ఎలా రాస్తాడు?

వెబ్‌సైటు సంగతి నీకు చెప్పనక్కర్లేదు, అది కంపెనీవాళ్లు చూసుకుంటారు. నాకు నచ్చిన పద్ధతి మాత్రం చెబుతాను. ట్రాఫిక్ నిర్వహణ విధానం అన్న కాగితాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తారు. కంప్యూటరులో వెతికితే ఒక్క అక్షరం దొరకదు, గూగుల్ అనువాదానికీ లొంగదు. కొంచెం వంకరగా స్కాన్ చేస్తే ఇంకా మేలు.

స్పీడ్ టెస్ట్ అంటే మాత్రం భయపడకు, దాన్ని నువ్వే ప్రోత్సహించు. బస్టాండు దగ్గర మీసేవ నడిపే అక్క ఉంది చూడు, ఆమె ఒక కుల ధ్రువీకరణ అప్‌లోడ్ చేయడానికి కూర్చుంటే తెర మీద చక్రం తిరిగి తిరిగి అలిసిపోతుంది, బయట బెంచీ మీద నలుగురు కూర్చుని టైము చూసుకుంటుంటారు. నువ్వు లోపలికి వెళ్లి, "అక్కా, ఒక్కసారి స్పీడ్ టెస్ట్ కొట్టు" అను. ముల్లు గిర్రున తిరిగి తొంభై నాలుగు మీద నిలబడుతుంది. ఆమె నోరు మూతపడుతుంది. టెస్టు సర్వరు మన కంపెనీ నెట్‌వర్కులోనే ఉందనీ, మీటరు కొలిచింది ఆమె గది నుంచి మన గది దాకా మాత్రమేననీ, ఆమె కాగితం వెళ్లాల్సింది ఇంకా చాలా దూరమనీ ఎవరు చెబుతారు? అప్‌లోడ్ అంకె కింద చిన్నగా పడుతుంది, దాని మీద వేలు పెట్టి నిలబడు. "చూసినవా అక్కా, మీ కంప్యూటరే పాతదైంది" అని బయటికి వచ్చేయి. ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్ ఒకటి 2016 నుంచి ఉంది, దాని పేరు ఎత్తకు.

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇప్పుడు చెబుతున్నా. కస్టమరుతో స్నేహంగా ఉండు. ప్రాణం పెట్టేంత స్నేహంగా. నవ్వకు, దీనికో లెక్క ఉంది. 2012 నిబంధనల ప్రకారం ఫిర్యాదు అంటే టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, డాకెట్ నంబరు పుట్టించుకున్నదే ఫిర్యాదు. దానికి గడువు ఉంటుంది. తీరకపోతే ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు, అప్పీలు వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ఇంత దూరం పోనిస్తావా? వాడికి నీ సొంత నంబరు ఇవ్వు. రౌటరు పక్కన ఎర్ర లైటు వెలిగిందో, వాడు నీకే కొడతాడు.

"అన్నా, నెట్ వస్తలేదు."

"ఆ, చూస్తున్న తమ్మీ. చౌరస్తాల ఉన్న. ఇగ అయిదు నిమిషాలు."

నువ్వు అప్పుడు గద్వాలలో బిర్యానీ తింటున్నా ఫర్వాలేదు. ఆ అయిదు నిమిషాలు మూడు రోజులైనా అది ఫిర్యాదు కాదు, ఇద్దరు స్నేహితుల మధ్య మాట. డాకెట్ నంబరు పుట్టలేదు. మూడు నెలలకోసారి ఇచ్చే లెక్కల్లో ఆలంపూర్ నుంచి ఫిర్యాదులు సున్నా. రూల్ కంపెనీ మీద ఉంది, ఫోన్ నీ జేబులో ఉంది, మధ్యలో నిబంధన నిశ్చింతగా నిద్రపోతుంది. వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వొడాఫోన్ ఐడియా కేసులో తేల్చిచెప్పిన మాట నిజమే. కానీ మొన్ననే వాడి చెల్లెలి పెళ్లిలో నువ్వు లైటింగ్‌కు వైరు లాగి పెట్టావు కదా, నీ మీద కేసు వేస్తాడా?

లైను తెగినప్పుడు ఏం చేయాలంటే, తొందరపడకూడదు. 2024 ఆగస్టులో వచ్చిన నాణ్యతా నిబంధనల ప్రకారం జిల్లా స్థాయిలో నాలుగు గంటలకు మించి సేవలు ఆగితే ట్రాయ్‌కి చెప్పాలి. ఒక రోజు దాటితే కస్టమరుకు ఆ మేరకు అద్దె తగ్గించడమో, గడువు పెంచడమో చేయాలి. "జిల్లా" దగ్గర ఊపిరి పీల్చుకో. ఆలంపూర్ ఒక్కటి చీకటైతే జిల్లా చీకటైనట్టు కాదు, గద్వాల వెలుగుతూనే ఉంటుంది. రోడ్డు పని జేసీబీ కట్ చేసిందా, కోతులు కొరికాయా అన్నది పట్టించుకోకు. తుంగభద్ర పొంగింది అను. 2009 అక్టోబరు వరద చూసిన ఊరు ఇది, నది పేరు చెబితే ఎదురు మాట్లాడదు. మే నెలలో మాత్రం ఈ మాట వాడకు.

ఇక నిజంగా నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటుంది. అది అమెరికాలో ఉన్న మన ఊరి పిల్లలు. అక్కడ 2007లో కామ్‌కాస్ట్ అనే కంపెనీ బిట్‌టొరెంట్ వాడేవాళ్లను గుట్టుగా నెమ్మది చేస్తూ దొరికిపోయింది. తర్వాత 2010 నుంచి నెట్‌వర్కును ఎలా నిర్వహిస్తున్నారో బయటికి చెప్పాల్సిందేనని వాళ్ల టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమం పెట్టింది. మిగతా నెట్ సమానత్వ నియమాలను 2017లో ఎత్తేసినప్పుడు కూడా ఈ చెప్పడం మాత్రం ఉంచారు. చెప్పడం వరకు మనకూ అభ్యంతరం లేదు. కానీ 2024 ఏప్రిల్ నుంచి ఏం చేశారో తెలుసా? బిస్కెట్ ప్యాకెట్ మీద పోషకాల పట్టీ ఉంటుందే, అచ్చం అలాంటి పట్టీ ప్రతి ప్లాన్ పక్కనా పెట్టమన్నారు. నెలకు ఎంత, అదనపు ఫీజులు ఎంత, మామూలుగా వచ్చే వేగం ఎంత, ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లు, డేటా ఎంత, నిర్వహణ విధానం ఎక్కడ చదవాలి. ఒక్క చూపులో అన్నీ. గరిష్ఠంగా వచ్చేది కాదు, మామూలుగా వచ్చేది! వ్యాపారం చేసుకునేవాళ్లను ఎంత హింస పెడుతున్నారో చూడు.

డాలస్‌లో ఆ పట్టీ చూసి ప్లాన్ తీసుకున్న కొడుకు శనివారం పొద్దున అమ్మకు వీడియో కాల్ చేస్తాడు. ఇక్కడ ఆమె పలకరింపు సగంలో బొమ్మ బిగుసుకుపోతుంది. "అమ్మా, మీ ప్లాన్ పట్టీ ఫోటో పెట్టు" అంటాడు వాడు. ఆమె నీకు ఫోన్ చేస్తుంది. అప్పుడు నువ్వు తడబడకుండా, "పెద్దమ్మా, అది అమెరికా రూలు, మనకు రాదు. మీ ఫోన్ల సాఫ్ట్‌వేర్ అప్డేట్ చెయ్యాలె, సాయంత్రం వచ్చి చేసి పోత" అను. వెళ్లు కూడా. చాయ్ తాగి రా.

చివరగా ఒక ప్రమాదం. ఈ ఊరు చదివేవాళ్ల ఊరు, అది మరిచిపోవద్దు. గడియారం రామకృష్ణశర్మ గారు ఇక్కడుండే ఆలంపూర్ శాసనాలు చదివి వెలికితెచ్చారు, శ్రీశైలం ముంపు ముంచుకొస్తే ఈ గుళ్ల కోసం పోరాడారు. ఆయన ఆత్మకథ శతపత్రముకు సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. పదమూడు వందల ఏళ్ల నాటి అరిగిన రాతినే వదలని ఊళ్లో నీ వంకర పీడీఎఫ్ ఎంత? ఎప్పటికైనా ఒక రిటైర్డ్ పంతులు పుడతాడు. కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితమంతా చదువుతాడు. ఒక నోటు పుస్తకంలో రోజూ రాత్రి ఎనిమిదింటికి, తొమ్మిదింటికి, పదింటికి వేగం రాసుకుంటాడు. నెల తిరిగాక నీ దగ్గరికి వచ్చి, "బాబూ, నా లైనును ఎంతమందికి పంచినవు? ఆ అంకె వెబ్‌సైటుల పెట్టాల్నని ఉంది గద, ఏడుంది?" అని మెల్లగా అడుగుతాడు.

ఆయనతో వాదించకు. కుర్చీ వేయి. కొత్త రౌటరు ఉచితంగా ఇవ్వు, మూడు నెలలు బిల్లు వద్దను, రాత్రిపూట ఆయన లైనును రద్దీ తక్కువ ఉన్న పోర్టుకు మార్చు. అయినా ఆ నోటు పుస్తకం మూయకపోతే, ఆయన వీధిలో కనెక్షన్లు చూసుకునే బాధ్యత ఆయనకే అప్పజెప్పు. కనెక్షనుకు ఇంత అని కమీషన్ మాట్లాడుకో. ఎంతన్నది మాత్రం కాగితం మీద పెట్టకు.